ఆల్బట్రాస్ కంటే ముందు గొంగళిపురుగు

ఒక ఫొటో ఉంది. దక్షిణ సముద్రంలో మారుమూల ద్వీపం మీద, మట్టి గూట్లో కూర్చున్న ఆల్బట్రాస్ అనే పెద్ద సముద్రపక్షి పిల్ల. తల మీద చర్మం ఊడిపోయి మాంసం ఎర్రగా కనిపిస్తుంటుంది. రాత్రంతా చిట్టెలుకలు కొరికిన గాయం అది. పిల్ల లేచి పారిపోదు, ముక్కుతో పొడవదు. లక్షల ఏళ్లుగా ఆ జాతి గూటిలోకి అలాంటి జంతువు ఏదీ రాలేదు కాబట్టి, వస్తే ఏం చేయాలో దానికి తెలియదు. మొదటిసారి ఆ ఫొటో చూసినప్పుడు ఫోన్ పక్కన పెట్టి చాలాసేపు ఏ పనీ చేయలేకపోయాను.

తర్వాత దాని గురించి చదువుతూ పోతే ఇంకో సంగతి తెలిసింది. అప్పటి నుంచి నన్ను వదలనిది ఆ ఫొటో కన్నా ఆ సంగతే. ఇలాంటి గాయాలు కనిపించే ద్వీపాల్లో ఒకటి మారియన్. దక్షిణాఫ్రికాది, ఆ దేశానికీ అంటార్కిటికాకూ మధ్య ఉన్న అగ్నిపర్వత ద్వీపం. సీల్ జంతువుల వేటగాళ్ల ఓడల్లో చిట్టెలుకలు అక్కడ దిగి దాదాపు 200 ఏళ్లయింది. ఆల్బట్రాస్ పిల్లల మీద వాటి గాయాలు మొదటిసారి గమనించింది 2003లో. మరి మధ్యలో అంత కాలం అవి ఏం తిని బతికాయి?

కొంత గింజలు. మిగతాదంతా పురుగులు.

నేను చెప్పదలచుకున్నది ఇదే. మనిషి తెచ్చి వదిలిన ఎలుకలు, చిట్టెలుకలు ద్వీపాలకు చేసే నష్టాన్ని మనం పక్షులతో కొలుస్తున్నాం. అది ఆలస్యంగా అందే కొలత. పక్షి దాకా వచ్చేసరికి కింద చాలా భాగం ఖాళీ అయిపోయి ఉంటుంది. పురుగుల్ని ముందు లెక్కపెట్టాలి. పక్షుల కోసం చేసే పనిలో అవి కొసరుగా దక్కే లాభం కాదు. అవసరమైతే వాటి కోసమే ఆ పని మొదలుపెట్టాలి.

తెలుగులో 'పురుగు' అనే ఒక్క మాట మీద మనం చాలా బరువు వేశాం. గొంగళిపురుగు, పేడపురుగు, ముక్కుపురుగు, మిణుగురుపురుగు, అన్నీ అందులోవే. చీదరింపు కూడా అందులోనే ఉంది. పాఠ్యపుస్తకాల్లో 'అకశేరుకాలు' అన్నారు, అంటే వెన్నెముక లేనివి. భూమి మీది జంతుజాతుల్లో నూటికి 95కు పైగా ఉన్న జీవుల్ని, వాటికి లేని ఎముక పేరుతో పిలుస్తున్నాం. పేరులోనే లేమి ఉంటే లెక్కలో చోటు దొరకడం కష్టమే అనిపిస్తుంది నాకు.

ద్వీపాల మీది పురుగులు మనకు తెలిసిన పురుగుల్లా ఉండవు. న్యూజిలాండ్‌నే తీసుకోండి. మనిషి రాకముందు అక్కడి నేల మీద పాలిచ్చే జంతువులంటే గబ్బిలాలు మాత్రమే. ఎలుక లేదు, పిల్లి లేదు, ముంగిస లాంటిదేదీ లేదు. వేరే చోట్ల రాత్రిపూట ఎలుకలు చేసే పనిని అక్కడ వేటాలు చేశాయి. వేటా అంటే కీచురాయికీ మిడతకూ దగ్గరి చుట్టం, రెక్కలుండవు. అందులో పెద్దది వేటాపుంగా. గుడ్లతో నిండిన ఒక ఆడ వేటాపుంగా 71 గ్రాములు తూగింది. పిచ్చుక బరువు సుమారు 30 గ్రాములు.

శత్రువు లేని చోట ఎగరాల్సిన పని లేదు, కాబట్టి రెక్కలు పోయాయి. ఒళ్లు పెరిగింది. పిల్లల్ని తొందరగా, ఎక్కువగా కనాల్సిన అవసరమూ లేకపోయింది. శత్రువులు అసలు లేరని కాదు. పక్షులూ బల్లి జాతులూ ఉన్నాయి, కానీ అవి ఎక్కువగా చూపుతో వేటాడతాయి. కదలకుండా బిగుసుకుపోతే, బెరడు రంగులో కలిసిపోతే వాటి నుంచి తప్పించుకోవచ్చు. ఎలుక అలా కాదు. వాసన పట్టుకుని వస్తుంది, చెట్టెక్కుతుంది, బొరియలో దూరుతుంది, చీకట్లోనే తిరుగుతుంది. కదలకుండా కూర్చున్న వేటా దాని ముందు వడ్డించిన విస్తరే. ఇక సంతానం మాటకొస్తే, చిట్టెలుక పుట్టిన రెండు నెలలకే తల్లి కాగలదు, మూడు వారాల్లో ఈనుతుంది.

ఒకప్పుడు న్యూజిలాండ్ ఉత్తర దీవి పైభాగమంతా ఉన్న వేటాపుంగా చివరికి హౌటురు అనే ఒక్క చిన్న ద్వీపానికి పరిమితమైంది. అక్కడా పాలినీషియన్ పడవల్లో శతాబ్దాల కిందట వచ్చిన కియోరే ఎలుక ఉండేది. 2004లో ఆ ఎలుకను పూర్తిగా తొలగించారు. తర్వాత వేటాపుంగాలను జూలో పెంచి, ఎలుకలు లేని వేరే ద్వీపాల్లో కూడా వదిలారు.

లార్డ్ హౌ ద్వీపం కథ నాకు మరీ దగ్గరగా అనిపిస్తుంది, ఎందుకంటే అందులో తేదీ ఉంది. చాలా ద్వీపాల్లో ఎలుక ఎప్పుడు దిగిందో ఎవరూ రాసిపెట్టలేదు. ఇక్కడ తెలుసు. ఆస్ట్రేలియా తూర్పు తీరానికి దాదాపు 600 కిలోమీటర్ల దూరంలోని ఆ ద్వీపం దగ్గర 1918 జూన్‌లో మకాంబో అనే ఓడ నేలకు తగులుకుంది. బాగుచేసుకుని వెళ్లిపోయింది. దిగిన నల్ల ఎలుకలు మాత్రం వెళ్లలేదు. ఆ ద్వీపంలో తప్ప ఇంకెక్కడా లేని ఐదు పక్షి రకాలు ఆ తర్వాత అంతరించాయి. ఆ సంగతి చాలామందికి తెలుసు. అదే ఎలుకల వల్ల కనీసం 13 రకాల వెన్నెముక లేని జీవులు కూడా పోయాయని లెక్క. 'కనీసం' అన్న మాట దగ్గర నేను ఆగిపోతాను. పక్షులకు ఆ మాట అక్కర్లేదు, ఐదంటే ఐదే. పురుగుల విషయంలో అంతకుముందు ఎవరైనా పట్టి, పేరు పెట్టి, సీసాలో దాచినవి మాత్రమే పోయినట్టు తెలుస్తాయి. పేరు పెట్టకముందే పోయినవాటికి లెక్కే లేదు.

పోయిందనుకున్న వాటిలో ఒకటి కర్రపురుగు. నల్లగా, మెరుస్తూ, అరచేతి పొడవున ఉంటుంది. రెక్కల్లేవు. ద్వీపంలో ఎంత విరివిగా ఉండేదంటే చేపలు పట్టేవాళ్లు దాన్ని ఎరగా గుచ్చేవారు. ఓడ వచ్చిన రెండేళ్లకే, 1920 నాటికి, ద్వీపంలో అది కనిపించడం మానేసింది. రెండేళ్లు! ఒక జాతి పుట్టడానికి పట్టిన కాలం పక్కన ఈ రెండేళ్లను పెట్టి చూస్తే కడుపులో దేవినట్టవుతుంది.

అక్కడికి 23 కిలోమీటర్ల దూరంలో సముద్రంలోంచి నిట్టనిలువుగా లేచిన రాతి శిఖరం ఉంది, బాల్స్ పిరమిడ్. ఎత్తు 550 మీటర్లకు పైనే, దాదాపు అంతా బండే. 1964లో దాన్ని ఎక్కడానికి వెళ్లిన వాళ్లకు చచ్చిన కర్రపురుగు ఒకటి కనిపించింది. 2001లో డేవిడ్ ప్రిడెల్, నికొలస్ కార్లైల్ అనే శాస్త్రవేత్తలు వెళ్లి రాత్రిపూట టార్చిలైట్లతో వెతికారు. బండ చీలికలో ఇరుక్కుని పెరిగిన టీ-ట్రీ పొదల మీద బతికున్న పురుగులు దొరికాయి, రెండు డజన్లకు మించలేదు. ఆ జాతి మొత్తం ఆ పొదల్లోనే మిగిలింది. 2003లో రెండు జతల్ని మాత్రం కిందికి తెచ్చారు. వాటిలో ఒక జత మెల్‌బోర్న్ జూకి వెళ్లింది. అక్కడి ఆడపురుగు జబ్బుపడి చావు అంచుదాకా వెళ్లి, సంరక్షకులు కంటికి రెప్పలా చూస్తే కోలుకుంది. ఈనాడు జూలలో ఉన్న వేల పురుగుల వెనక ఉన్నది ముఖ్యంగా ఆ కొద్ది జీవాలే. పెరిగినవి కాస్త వేరుగా కనిపిస్తుంటే ఇది అసలు జాతేనా అన్న అనుమానం ఉండేది. 2017లో మ్యూజియంలోని పాత నమూనాల డీఎన్ఏతో పోల్చి అదే జాతి అని తేల్చారు.

2019లో లార్డ్ హౌలో ఎలుకలూ చిట్టెలుకలూ అన్నిటినీ నిర్మూలించే పని చేశారు. ఊరంతా ఒక్కమాట మీద లేదు. కొన్ని వందల మంది ఉండే చోట మందు గుళికలు చల్లడమంటే టెన్షన్ ఉండదా? ఏళ్ల తరబడి గొడవ జరిగింది. ఎగరలేని వుడ్‌హెన్ పక్షుల్ని మందు బారిన పడకుండా ముందే పట్టి బోనుల్లో కాపాడారు. 2021లో మళ్లీ ఎలుకలు కనిపిస్తే వెంటనే వాటి వెంటపడ్డారు.

2022లో ఒక విద్యార్థి ఆ ద్వీపంలో పెద్ద మర్రిచెట్టు కింద రాయి ఒకటి ఎత్తి చూశాడు. కింద బొద్దింకలు. ఇళ్లలో తిరిగేవి కాదు, కుళ్లిన కట్టెను తిని మట్టిగా మార్చే రెక్కలు లేని అడవి బొద్దింకలు. చుట్టుపక్కల చిన్న దీవుల మీద తప్ప ఈ పెద్ద ద్వీపంలో 1930ల నుంచే లేదనుకున్న జీవి. ఎలుకల కాలమంతా ఆ చెట్టు కిందే ఎలాగో నెట్టుకొచ్చింది.

ఈ వార్త మా అక్కకు చదివి వినిపించాను. అంతా విని, "ఒరేయ్, అంత డబ్బు, అంత మందు పెట్టి బతికించుకునేది బొద్దింకనా?" అంది. వెటకారం కాదు, నిజంగానే అడిగింది. అప్పుడు సరిగ్గా చెప్పలేకపోయాను. ఇప్పుడు ప్రయత్నిస్తాను, అందుకు మళ్లీ మారియన్ వెళ్లాలి.

మారియన్‌లో నేల మీద మేసే జంతువు లేదు. వానపాములు, సాలీళ్లు, ముక్కుపురుగులు, ఎగరలేని ఒక చిమ్మట, ఇవే అక్కడి నేలను నడిపిస్తాయి. ముఖ్యంగా ఆ చిమ్మట గొంగళిపురుగు. ఎండిన ఆకునూ గడ్డినీ తిని, అందులోని సారాన్ని తిరిగి మట్టికి ఇచ్చేది అదే. చలి దేశం కాబట్టి అక్కడ కుళ్లడం చాలా నెమ్మది. గొంగళిపురుగు లేకపోతే చచ్చిన మొక్క సారం చచ్చిన మొక్కలోనే ఉండిపోతుంది. చిట్టెలుకలకు బాగా ఇష్టమైన తిండి కూడా అదే.

ముక్కుపురుగుల సంగతి మరీ విచిత్రం. చిట్టెలుక పెద్ద పురుగును ముందు ఏరుకుంటుంది. పెద్దవి పోతూ ఉంటే చిన్నవే పిల్లల్ని కంటాయి. మారియన్ ముక్కుపురుగుల ఒంటి పొడవు ఏళ్లు గడిచేకొద్దీ తగ్గిందని శాస్త్రవేత్తలు కొలిచి చూపించారు. సుమారు 20 కిలోమీటర్ల అవతల ప్రిన్స్ ఎడ్వర్డ్ ద్వీపం ఉంది, అక్కడ చిట్టెలుక ఎప్పుడూ అడుగుపెట్టలేదు. అదే గాలి, అదే చలి, పోల్చుకోవడానికి ఎవరో పెట్టినట్టున్న జోడు ద్వీపాలు. షీత్‌బిల్ అనే తెల్లటి పక్షి చలికాలంలో నేలను గీకి పురుగులు తిని బతుకుతుంది. అది మారియన్‌లో తగ్గింది, ప్రిన్స్ ఎడ్వర్డ్‌లో తగ్గలేదు.

మనుషులు చేసిన సాయం చూడండి. 1949లో వాతావరణ కేంద్రంలో చిట్టెలుకల బెడద పోవాలని మారియన్‌కు ఐదు పిల్లుల్ని తెచ్చారు. 1970ల నాటికి అవి రెండు వేలు దాటాయి, ఏటా నాలుగున్నర లక్షల దాకా సముద్రపక్షుల్ని చంపాయి. పిల్లుల మీద పెద్ద యుద్ధమే చేసి 1991 నాటికి పూర్తిగా తొలగించారు. మంచి పనే, నాకు సందేహం లేదు. కానీ చిట్టెలుక మిగిలింది. వాతావరణం వేడెక్కేకొద్దీ దానికి ఈనడానికి దొరికే రోజులు పెరిగాయి, సంఖ్య పెరిగింది, పురుగులు ఇంకా పడిపోయాయి. పురుగులు పడిపోయాకే అవి పక్షుల మీద పడ్డాయన్నది శాస్త్రవేత్తల అభిప్రాయం. 2003లో పిల్లలు. 2023లో పెద్ద ఆల్బట్రాస్‌లనే కొరికి చంపినట్టు కనిపించింది.

అక్కా, నా జవాబు ఇది. గొంగళిపురుగు పోతున్నప్పుడే ప్రమాదం వస్తోందని ఆ ద్వీపం మనకు చెప్పింది. 1980ల్లోనే చిట్టెలుకలు గొంగళిపురుగుల్ని ఎంత తింటున్నాయో కొలిచి రాసిన పరిశోధకులు ఉన్నారు. వాళ్ల రాతలు పత్రికల్లోనే ఉండిపోయాయి. ప్రపంచం కదిలింది గాయపడ్డ పక్షి ఫొటో చూశాక. నేను కూడా అంతే. ఆ ఫొటో లేకపోతే ఈ చిమ్మట పేరు కూడా వినేవాణ్ని కాదు.

నాకు బలంగా ఎదురయ్యే వాదన ఒకటుంది. పక్షి పేరు చెబితే డబ్బు వస్తుంది, పక్షి కోసం ఎలుకల్ని తీసేస్తే పురుగు కూడా బతుకుతుంది, పేరు ఎవరిదైతేనేం అని. చాలాచోట్ల ఇది నిజం. లార్డ్ హౌలో అదే జరిగింది. సీషెల్స్‌లోని ఫ్రెగేట్ ద్వీపంలో కూడా. అక్కడ 1995లో గోధుమ ఎలుకలు చొరబడితే, ప్రపంచంలో ఇంకెక్కడా లేని ఒక పెద్ద పెంకుపురుగుకు ముప్పు వచ్చింది. 2000లో ఎలుకల్ని తీసేశారు, పెంకుపురుగు మిగిలింది.

కానీ పక్షికి కావలసినదీ పురుగుకు కావలసినదీ ఎప్పుడూ ఒకటి కాదు. తేడా చిట్టెలుక దగ్గర బయటపడుతుంది. న్యూజిలాండ్ 2016లో ప్రకటించిన పెద్ద పథకంలో ఎలుకలు, చెట్లెక్కే పాసమ్‌లు, ముంగిస లాంటి స్టోట్‌లు దేశంలోనే లేకుండా చేయాలన్నారు. చిట్టెలుక ఆ జాబితాలో లేదు, అడవి పక్షులకు అది పెద్ద శత్రువు కాదు కాబట్టి. పెద్ద ఎలుకా స్టోటూ పోతే చిట్టెలుకను అదుపులో పెట్టేవాళ్లు ఎవరూ ఉండరు. మౌంగటౌటరి అనే కొండ చుట్టూ కంచె కట్టి బయటి నుంచి వచ్చిన పాలిచ్చే జంతువుల్ని తొలగించారు, చిట్టెలుక మాత్రం మిగిలింది. అక్కడ పరిశోధకులు చిట్టెలుకలు ఎక్కువున్న భాగాన్నీ తక్కువున్న భాగాన్నీ పోల్చారు. ఎక్కువున్న చోట గొంగళిపురుగులు, సాలీళ్లు, వేటాలు, పెంకుపురుగులు తగ్గాయి. పక్షి లెక్కలో ఆ కొండ గెలిచింది. పురుగు లెక్కలో ఇంకా లేదు. ఏ లెక్క చూస్తామన్న దాన్ని బట్టి గెలుపు మారిపోతున్నప్పుడు, పేరు ఎవరిదైతేనేం అనడం నాకు సరిపోదు.

ఎలుక పురుగును తినకుండానే పురుగును చంపగలదు కూడా. న్యూజిలాండ్ ఉత్తర తీరంలో ఎలుకలున్న తొమ్మిది ద్వీపాలనూ లేని తొమ్మిదింటినీ పోల్చి 2006లో ఒక అధ్యయనం వచ్చింది. ఎలుకలున్న చోట సముద్రపక్షులు చాలా తక్కువ. పక్షులు లేకపోతే రెట్ట లేదు, రెట్ట లేకపోతే సముద్రం నుంచి నేలకు వచ్చే ఎరువు ఆగిపోతుంది. మట్టి సారం తగ్గి, మట్టిలోని చిన్న జీవుల దాకా ఆ దెబ్బ తగిలింది.

అన్ని కష్టాలకూ ఎలుకే కారణమని చెబితే అది అబద్ధం. హవాయిలో ఓహు ద్వీపం చెట్ల మీద బతికే నత్తలున్నాయి, రంగురంగుల గాజుపూసల్లా ఉంటాయి. ఏడాదికి కొద్ది పిల్లల్నే కంటాయి, ఆ పిల్ల పెద్దదవడానికి ఏళ్లు పడుతుంది. ఎలుకలు వాటిని గుల్ల కొరికి తింటాయి. కానీ నత్తల్ని తినే ఇంకో నత్తను 1950ల్లో మనుషులే తెచ్చి వదిలారు, అదీ అంతే చేటు చేసింది. ఒక జాతిలో చివరిది, జార్జ్ అని పేరు పెట్టుకున్నది, 2019 జనవరి 1న చనిపోయింది. ఇక మహోఎనుయి అనే చోట దొరికిన పెద్ద వేటా మన లెక్కలన్నిటినీ తారుమారు చేస్తుంది. దాన్ని ఎలుకల నుంచి కాపాడింది గోర్స్ అనే ముళ్లపొద, అది న్యూజిలాండ్‌కు బయటి నుంచి తెచ్చిన కలుపు. ఆ పొదను ఎప్పటికప్పుడు మేసి గుబురుగా ఉంచేవి మేకలు, అవీ బయటివే. అందుకే బయటిదంటే చెడ్డదని కళ్లు మూసుకుని అనేయలేను. ప్రతి ద్వీపం దగ్గరా కూర్చుని చూడాలి, ఎవరు ఎవర్ని తింటున్నారో, ఎవరు ఎవరికి నీడ ఇస్తున్నారో.

చంపడం గురించి కూడా చెప్పాలి. ఎలుకల మందు చావు తేలికైన చావు కాదు, లోపల రక్తం కారి రోజుల మీద పోతాయి. ఎలుక తనంతట తాను ఓడెక్కి రాలేదు. మన సరుకుతో వచ్చింది, ఆకలేస్తే తింది. ఎలుకల మీద కోపంతో ఇల్లు తగలబెట్టుకోకూడదన్నది మనకు ఎప్పటి నుంచో తెలిసిన మాట, మందు చల్లేటప్పుడు వేరే పక్షులకూ ప్రమాదం ఉంటుంది. ఇదంతా తూచాకే నేను నిర్మూలన వైపు నిలబడుతున్నాను. ఏమీ చేయకపోతే చావులు ఆగవు. ప్రతి రాత్రీ ఆ ద్వీపంలో జరుగుతూనే ఉంటాయి, మనకు కనపడవు, అంతే. ఒకసారి పూర్తిగా చేస్తే మళ్లీ చేయాల్సిన పని ఉండదు. పూర్తిగా కాకపోతే మాత్రం అన్ని చావులూ వృథా. దక్షిణ అట్లాంటిక్‌లోని గఫ్ ద్వీపంలో 2021లో అంత శ్రమపడి మందు చల్లాక, అదే డిసెంబర్‌లో ఒక చిట్టెలుక కెమెరాకు చిక్కింది. కొండను తవ్వి ఎలుకను పట్టారని మనం తేలిగ్గా అంటాం. ఇక్కడ పనంతా ఆ చివరి ఎలుకను పట్టడంలోనే ఉంది. న్యూజిలాండ్ వాళ్లు ఆంటిపోడీస్ ద్వీపంలో 2016 చలికాలంలో చేసిన పని ఫలించింది, 2018లో చిట్టెలుకలు లేవని ప్రకటించారు. చేయగలమన్న ధైర్యం నాకు అక్కడి నుంచే వచ్చింది.

ఇప్పుడు మారియన్ వంతు. ఆ పని జరగాలని రోజూ కోరుకునే వాళ్లలో నేనొకణ్ని. నేను అడిగేదల్లా, మందు చల్లే హెలికాప్టర్ లేచే ముందు ఆ నేల మీద గొంగళిపురుగుల్ని లెక్కపెట్టమని, ముక్కుపురుగుల పొడవు కొలవమని, ఆ కొలతల్ని పక్షి గూళ్ల లెక్కతో సమానంగా మొదటి పేజీలో రాయమని. ఆల్బట్రాస్ గూడు వెచ్చగా ఉంటుందని ఆ గొంగళిపురుగులు అందులోకి చేరతాయి. చుట్టూ నేల కంటే గూడు కొన్ని డిగ్రీలు వేడి, పక్షి ఒంటి వేడి అది. కాబట్టి గూళ్లు లెక్కపెట్టడానికి వెళ్లే మనిషి అక్కడే కాస్త వంగి చూస్తే చాలు. చిట్టెలుకలు పోయిన కొన్నేళ్లకు ఎవరైనా మళ్లీ స్కేలు పట్టుకుని వెళ్లి, ముక్కుపురుగు ఒక మిల్లీమీటరులో ఎంతో వంతు పెరిగిందని రాస్తే, నేను ఎదురుచూసే వార్త అదే.